పిల్లికి చెప్పిన మాట

“పీలికా! ఒసేయ్ పీలికా!”

పిలిస్తే చెవైనా కదపాలి. కదపలేదు. ఇస్త్రీ బల్ల కింద, గోడవైపు ఒరిగి పడి ఉంది పిల్లి. గొంతు విని లేవబోయింది. ముందుకాళ్ళు లేచాయి గాని వెనక కాళ్ళు రాలేదు. రెండడుగులు ఈడ్చుకుని మళ్ళీ పడిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నల్లగుడ్లు కన్నంతా నిండిపోయాయి, చూపు మాత్రం ఎవరిమీదా లేదు. మూతి పక్కనుంచి చొంగ కారి నేల తడిసింది.

గుండీలు కుడుతున్న కోటు అత్తగారి చేతిలోంచి జారిపోయింది. మోకాళ్ళు మడవలేనని రోజుకు పదిసార్లు అనే మనిషి, ఆ మోకాళ్ళమీదే నేలకు కూలబడింది.

వీధిలో అందరికీ ఆవిడ అత్తగారే. దుకాణంలో అల్లుడు పొద్దస్తమానం “అత్తయ్యా, అత్తయ్యా” అని పిలుస్తుంటే బట్టలివ్వడానికి వచ్చేవాళ్ళ నోటికి కూడా అదే పట్టింది. ఆ పిలుపు ఆగిపోయి ఇవాళ్టికి పదకొండు రోజులు.

ఈ పదకొండు రోజులూ బద్ధ శత్రువులయినా ఇలా ఉండరు. ముందు గదిలో ఆయన కత్తిరిస్తాడు, మధ్య గదిలో ఆవిడ కుడుతుంది, ఇద్దరిమధ్యా ఉన్నది ఒక కర్టెను. కావలసిన మాటలన్నీ పిల్లితోనే. “పీలికా, నీలం దారం అయిపోయిందని చెప్పు వాళ్ళకి.” “పీలికా, తెల్లచొక్కా కాలరు ఒక అంగుళం తగ్గించమన్నారని చెప్పవే ఆవిడకి.” ఆరు కిలోల పిల్లి, కర్టెను కింద సగం అటూ సగం ఇటూ పడుకుని, ఎవరి మాటా ఎవరికీ మొయ్యకుండా నిద్రపోయేది.

అలవాటు ఎంత చెడ్డదంటే, ఇప్పుడు కూడా అత్తగారి నోట్లోంచి ముందు వచ్చిన మాట ఇదీ: “పీలికా, వాళ్ళని ఒకసారి రమ్మను…”

అని, తను ఎవరితో అంటున్నదో తెలిసి, కర్టెనువైపు తిరిగి అరిచింది.

“నాయనా! పరుగెత్తుకు రా!”

కర్టెను రింగులు గలగలలాడాయి. అల్లుడు మెడలో టేపుతో, వేళ్ళకు సుద్దతో వచ్చి నిలబడ్డాడు. దుకాణానికి ఆయనే కటింగ్ మాస్టరు. నలభై దాటినా చెవుల దగ్గర పసితనం పోని ముఖం. ఆ ముఖం కిందికి వంగి పిల్లిని చూసింది.

“ఏమైంది?”

“తూలిపోతోంది. పిలిస్తే పలకడంలేదు. ఇలా చూడు, మెడ నిలబడటంలేదు.”

“తిన్నదా పొద్దున?”

“సగం గిన్నె తిన్నది.”

“సూది?”

“వేశాను. ఎనిమిదింటికి, ఇంటికి రాగానే.”

అల్లుడి ముఖంలో రంగు దిగిపోయింది. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. తన కంగారే తనకు ఎక్కువై అత్తగారు అది పట్టించుకోలేదు.

“చూస్తావేం! కాగితం, అమ్మాయి కాగితం తే!”

కూతురు రైలు గార్డు. ఇంటి నుంచి వెళ్తే మళ్ళీ మూడో రోజుకో నాలుగో రోజుకో రావడం. పిల్లికి షుగరు అని తేలినప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పింది. పొద్దుటి సూది అమ్మది, సాయంత్రం సూది నీది అని భర్తకు అప్పజెప్పింది. ఏం జరిగితే ఏం చెయ్యాలో రాసి అలమర తలుపుకు అంటించింది. వెళ్తూ వెళ్తూ, “మీ ఇద్దరూ మాట్లాడుకోకపోయినా ఫరవాలేదు, దాన్ని మాత్రం చంపకండి” అని నవ్వింది.

అల్లుడు కాగితం చింపుకొచ్చాడు. పైకి చదివాడు.

“తూలినా, చొంగ కార్చినా, పలకకపోయినా ముందు షుగరు చూడండి. అరవై కన్నా తక్కువ ఉంటే ఆలస్యం చెయ్యకండి…”

“షుగరు చూసే మిషను తే.”

చెవి అంచున చిన్న సూదిమొన గుచ్చాలి. యాభై ఏళ్ళుగా సూది పట్టిన చెయ్యి అత్తగారిది. చీకట్లో కూడా దారం ఎక్కించగలదు. ఇవాళ ఆ చెయ్యి చెవి అంచు పట్టుకోలేకపోయింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి అల్లుడు చెవి వెనక వేలు ఆనించి పట్టాడు, రక్తపు బొట్టు వచ్చింది. మిషను అయిదు లెక్కపెట్టి అంకె చూపింది.

ముప్పై ఎనిమిది.

ఇద్దరూ ఆ అంకెనే చూస్తూ ఉండిపోయారు, తప్పు చదివామేమో అన్నట్టు.

“చక్కెర నీళ్ళు!” అంది ఆవిడ.

అల్లుడు వంటగదిలోకి దూకాడు. గ్లాసు పడి పగిలింది. వేడినీళ్ళలో చక్కెర చిక్కగా కలిపి, చెంచాతో వచ్చి, పిల్లి నోరు తెరవబోయాడు.

“పొయ్యకు! ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మింగే స్థితిలో ఉందా అది? చదివింది ఏమిటి నువ్వు?”

“మరెలా?”

“చిగుళ్ళకి రాయాలి. ఇటివ్వు.”

వేలు పాకంలో ముంచి, పెదవి ఎత్తి, చిగుళ్ళకు రాసింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ రాసింది. చిగుళ్ళు చల్లగా ఉన్నాయి. ఎప్పుడూ పొయ్యి పక్కన పెట్టిన గుడ్డలా వెచ్చగా ఉండే జంతువు అది. ఆ చల్లదనం వేలి నుంచి మోచేతిదాకా పాకింది ఆవిడకు.

అంతలో పిల్లి మూతి ఒక పక్కకు లాగడం మొదలైంది. మీసాలు టకటకా అదిరాయి. ఆ అదురు మెడలోకి, అక్కడినుంచి కాళ్ళలోకి దిగింది. నాలుగు కాళ్ళూ పరుగెడుతున్నట్టు నేలను తన్నుకున్నాయి.

“పోతోంది… పోతోంది నాయనా…”

“డాక్టరుకి చేశాను, ఎత్తింది, ఆగండి!” అల్లుడు ఫోను నేలమీద పెట్టి స్పీకరు నొక్కాడు.

పశువుల డాక్టరమ్మ గొంతులో కంగారు లేదు. “మూర్ఛ వస్తోందా? అయితే నోట్లో వేలు పెట్టకండి, కరుస్తుంది. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. ఆగగానే మళ్ళీ చిగుళ్ళకి రాయండి.”

అత్తగారు చేతికందిన కోటు మడిచి తల కింద పెట్టింది. అది పెళ్ళికొడుకుదో ఆఫీసరుదో తెలియదు. పాతిక లెక్కపెట్టేసరికి అదురు తగ్గింది. పాకం రాసింది.

“ఇప్పుడు చెప్పండి. ఇన్సులిన్ ఎంత వేశారు?”

“ఎప్పుడూ వేసేదే. రెండు గీతలు.”

“గీతలు కాదమ్మా. ఎన్ని యూనిట్లు?”

“మాకు గీతలే అలవాటు డాక్టరుగారూ. టేపు చూసే కళ్ళు మావి. రెండో గీతదాకా లాగడం, వెయ్యడం. నాలుగు నెలలుగా అంతే.”

“సిరంజి ఒకటి చేతిలోకి తీసుకోండి. దానిమీద పది అని అంకె ఉంటుంది. మొదటినుంచి ఆ పదిదాకా ఎన్ని గీతలున్నాయి?”

అత్తగారు కళ్ళద్దాలు ముక్కుమీదికి లాక్కుంది. గోటితో ఒక్కొక్క గీతా జరుపుకుంటూ వెళ్ళింది. అయిదు. మళ్ళీ లెక్కపెట్టింది. అయిదే.

“అయిదు” అంది.

“అయితే గీతకి రెండు యూనిట్లు. మీరు వేసింది నాలుగు. ఇవి కొత్త సిరంజిలా?”

కొత్తవే. పాతవి సన్నగా ఉండేవి. ఇవి కాస్త లావు. పొద్దున ప్యాకెట్టులోంచి తీసినప్పుడు లావుగా ఉన్నాయే అనుకుంది. అనుకుని, వేసేసింది.

“నిన్న నేను చెప్పాను” అన్నాడు అల్లుడు, నేలవైపు చూస్తూ. “మందులషాపు అతను మరీమరీ చెప్పాడు, కొత్తవాటిలో గీతకి రెండు అని. నిన్న సాయంత్రమే చెప్పాను.”

“ఎవరికి చెప్పావు?”

అల్లుడు వేళ్ళ సుద్ద దులుపుకున్నాడు.

“ఎవరికి చెప్పావయ్యా?”

“పీలికకి.”

నిన్న తను కుట్టుమిషను తొక్కుతున్నప్పుడు కర్టెను అవతల ఆయన గొంతు ఏదో అనడం వినిపించింది నిజమే. ఏమన్నాడో వినబడలేదు. తొక్కడం ఆపి “ఏమిటీ?” అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే తను ముందు పలకరించినట్టవుతుంది. ముందు పలకరించినట్టయితే ఓడినట్టవుతుంది. అందుకని కాలు ఇంకా గట్టిగా తొక్కింది.

“పిల్లికి చెబితే నాకు తెలుస్తుందా? అది వచ్చి నా చెవిలో చెబుతుందా?”

“మీరు మాత్రం? నెల జీతమిచ్చి పెట్టుకున్న మనిషితో కూడా ఎవరూ అనని మాట అన్నారు. బయటివాళ్ళ ముందు! ఈ చేతికి కత్తెర కాదు, చీపురు ఇవ్వాలి అన్నారు. ఆ తర్వాత మీ ముఖం చూసి ఏం మాట్లాడను?”

“మఖమల్ గుడ్డమీది నూగు తలకిందులు చేసి కోస్తే దణ్ణం పెట్టమంటావా?”

“మీ ఇద్దరి మఖమలూ తర్వాత!” ఫోను గట్టిగా అరిచింది. “పిల్లి ఎలా ఉంది?”

ఇద్దరూ ఒక్కసారే వంగారు. తలలు కొట్టుకున్నాయి. పిల్లి నాలుక బయటికి వచ్చి, పెదవిమీద పాకం ఒకసారి నాకి, లోపలికి పోయింది.

“నాకింది! డాక్టరుగారూ, నాకింది!”

“మంచిది. ఒక గంటదాకా పదిహేను నిమిషాలకొకసారి షుగరు చూడండి. తల ఎత్తి తినగలిగితే కొంచెం మేత పెట్టండి. అరవై దాటాక కూడా మళ్ళీ పడొచ్చు, ఏమరకండి. మళ్ళీ పడితే నాకు ఫోను చెయ్యండి.”

పదిహేను నిమిషాలకు అరవై నాలుగు. పిల్లి తల ఎత్తింది. ఎవరి ఇంట్లో ఉన్నానన్నట్టు అటూ ఇటూ చూసింది. అత్తగారు చేపముద్ద కాస్త వేలితో అందిస్తే నాలుగుసార్లు నాకి తిన్నది. అంతసేపూ బిగబట్టిన ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది ఆవిడకు.

“నా చేతులతో నేనే చంపబోయాను. ఆ గీతలు ఒకసారి చూసుకుంటే నా సొమ్మేం పోయింది? కొత్త గుడ్డ వస్తే నాలుగుసార్లు తడిమి చూస్తానే, కొత్త సూది వస్తే చూడనా? దీనికి ఏమన్నా అయితే అమ్మాయికి నా ముఖం ఎలా చూపించను నాయనా?”

అల్లుడు ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. “మీరు… మంచినీళ్ళు తాగండి ముందు” అన్నాడు.

నీళ్ళు తెచ్చిచ్చాడు. పగిలిన గ్లాసు ముక్కలు ఊడ్చాడు, చీపురు పట్టుకుని. ఆ చీపురు చూసి అత్తగారు తల దించుకుంది.

“ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది” అంది, పిల్లి వీపు నిమురుతూ. “నూగు తలకిందులైతే మాత్రం? నేను మొదటి ఏడాది రెండు ఎడమచేతులు కుట్టిన కోటు ఇచ్చాను ఒకాయనకి. ఆయన తొడుక్కునేదాకా చూసుకోలేదు.”

“నిజంగా?”

“నవ్వు, నవ్వు. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, ఇంకెప్పుడూ రాలేదు.”

అల్లుడు నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ మోకాళ్ళ కింద దిండు పెట్టాడు. పదకొండు రోజుల తర్వాత ఇంట్లో రెండు గొంతులు వినపడుతున్నాయి. అది బాగుంది. పిల్లి ప్రాణంమీదికి వచ్చాక గాని బుద్ధి రాలేదే అని అత్తగారికి సిగ్గు వేసింది. సిగ్గు కన్నా భయం ఎక్కువ వేసింది, ఎందుకంటే పిల్లి మళ్ళీ తల వాల్చింది.

“నిద్రేమో” అన్నాడు అల్లుడు.

“చూడు.”

యాభై రెండు.

పాకం రాశారు. పది నిమిషాలు కూడా ఆగలేక మళ్ళీ చూశారు. నలభై ఒకటి.

“ఇంత రాసినా ఎందుకు పడుతోంది? గిన్నెడు చక్కెర పోయింది దాని నోట్లోకి!” అత్తగారు గిన్నె పక్కన పెట్టింది. “ఫోను చెయ్యి. చెయ్యవేం?”

అల్లుడి వేళ్ళు ఫోనుమీద తచ్చాడుతున్నాయి. చివరికి ఆవిడే లాక్కుని నొక్కింది.

డాక్టరమ్మ అంకెలు మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది.

“పెద్ద పిల్లి, కొంచెం తిన్నది కూడా. నాలుగు యూనిట్లకి ఇంత రాశాక కూడా ఇంత వేగంగా పడటం… ఇంకెవరైనా కూడా వేశారా ఇవాళ?”

“లేదండీ. పొద్దుటిది నేను, సాయంత్రం ఇతను. మా అమ్మాయి పెట్టిన పద్ధతి. అడగండి కావాలంటే. చెప్పు నాయనా.”



అత్తగారు తలెత్తి చూసింది. టేపు రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, దానికి వేలాడుతున్నట్టు నిలబడి ఉన్నాడు.

“ఆరున్నరకి… నేను వేశాను.”

“ఏమిటీ?”

“మీరు తెల్లారకుండానే హోటలువాళ్ళ ఏప్రన్లు ఇవ్వడానికి వెళ్ళారు కదా. మధ్యాహ్నానికి గాని రారనుకున్నాను. సూది వేళ తప్పుతుందని వేసేశాను. ఒక్క గీతే వేశాను, సరిగ్గా రెండు యూనిట్లే. వేసి గుడ్డ గోడౌనుకి వెళ్ళిపోయాను. మీరు వచ్చి మళ్ళీ వేస్తారని…”

“మొత్తం ఆరు!” ఫోనులో గొంతు మొదటిసారి హెచ్చింది. “ఇంట్లో ఇక కుదరదు. గ్లూకోజు సెలైను ఎక్కించాలి. ఉన్నపళంగా తీసుకురండి. దారిలో చిగుళ్ళకి రాస్తూనే ఉండండి, ఆపకండి.”

తిట్టడానికి సమయం లేదు. పిల్లిని కోటుతో సహా ఎత్తి గుండెకు హత్తుకుంది అత్తగారు. అల్లుడు పరుగెత్తి పక్క లాండ్రీ ఆవిడను పిలుచుకొచ్చాడు. ఉతికిన దుప్పట్ల మూటలు సగం దింపీ సగం దింపకుండానే ఆవిడ వ్యాను తీసింది.

వెనక మూటల మధ్య ఎదురెదురుగా కూర్చున్నారు ఇద్దరూ. వ్యాను నిండా సబ్బు వాసన, ఆవిరి. అల్లుడి చేతిలో పాకం గిన్నె, కుదుపు కుదుపుకీ అంచు దాటుతోంది. అత్తగారి ఒళ్ళో పిల్లి. ఆవిడ వేలు గిన్నెలోకి, గిన్నెలోంచి పిల్లి నోటికి. పెదవి కింద గరుకు నాలుక ఒకసారి కదిలి వేలికి తగిలినప్పుడల్లా ఆవిడకు ప్రాణం లేచి వస్తోంది.

“అరగంటసేపు” అంది. గొంతు పెంచలేదు. “అరగంటసేపు నా ముందే కూర్చున్నావు. నేనే చంపుకున్నానని ఏడుస్తుంటే నీళ్ళు తెచ్చిచ్చావు. ఆ మాట అప్పుడే డాక్టరుకి చెబితే అరగంట ముందే బయల్దేరేవాళ్ళం. ఎందుకు దాచావు?”

వ్యాను మలుపు తిరిగింది. దుప్పట్ల మూట ఒకటి అల్లుడి భుజంమీదికి ఒరిగింది. తోసుకోలేదు.

“మొదట భయం వేసింది. మీరు సూది వేశానన్న మాట వినగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో గీతల సంగతి బయటపడింది. తప్పంతా అక్కడే తేలిపోయింది కదా అనుకున్నాను. నా సంగతి ఎందుకులే అనుకున్నాను. అరవై నాలుగు వచ్చాక ఇక గండం గడిచిందనే అనుకున్నాను.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత మీరు మాట్లాడారు.”

అత్తగారు వేలు గిన్నెలో ముంచింది.

“పదకొండు రోజుల తర్వాత నాయనా అన్నారు. కోటు కథ చెప్పారు. ఈ సంగతి చెబితే మళ్ళీ మాట్లాడటం మానేస్తారని… పీలిక పడుకుని చూస్తూ ఉంది, నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నాదే తప్పు అత్తయ్యా. తిట్టండి. మీ కూతురికి చెప్పండి. చీపురే ఇవ్వండి చేతికి. ఏమీ అనకుండా మాత్రం ఉండకండి.”

ఆవిడ తల ఎత్తలేదు.

“అత్తయ్యా, ఏదో ఒకటి అనండి. అత్తయ్యా!”

ఆవిడకు ఆ మాటలు వినబడటంలేదు. పెదవి ఎత్తి, చిగుళ్ళకు పాకం రాసి, వేలు అక్కడే ఉంచి ఎదురుచూస్తోంది. కదలాల్సిన నాలుక కదలలేదు. ఇంకా కాస్త ఆగింది. చెయ్యి కిందికి జరిపి పక్కటెముకలమీద పెట్టింది. వ్యాను అదురుతోంది, తన చెయ్యి అదురుతోంది, ఆ రెండింటి కింద ఇంకేమైనా కదులుతోందో లేదో తెలియడంలేదు.

“ఒక్క క్షణం బండి ఆపమను నాయనా” అంది.